మౌసు తప్పేం లేదు

పెద్దకోడలు మూడో మౌసు తెచ్చి గుచ్చేసరికి చిన్నకోడలికి నవ్వాగలేదు. కుట్టుమిషన్ మీదికి వంగి దారం తెంపుతున్నట్టు నటించింది. కంప్యూటర్ తెరంతా నలుపు. పేరూ పాస్‌వర్డూ అడిగే తెల్లక్షరాల వరస తప్ప బొమ్మల్లేవు, బాణం గుర్తు లేదు. బాణం కనపడకపోవడం మౌసు తప్పనుకుంది ఆ మహాతల్లి. బొమ్మలూ బాణం చూపించే డెస్క్‌టాప్ ప్రోగ్రామే లేచిపోతే మౌసేం చేస్తుంది పాపం!

చిన్నకోడలికి నిన్న పొద్దున మొదటి చూపులోనే తెలిసిపోయింది. నోరు విప్పలేదు. ఎందుకు విప్పుతుంది? ఆర్నెల్ల కిందట ఆ లైనక్స్ కంప్యూటర్‌కి అచ్చం ఇలాగే అయితే, ఇదే ఏదో కెలికిందని పెద్దకోడలు పనివాళ్ళందరి ముందూ నింద తన నెత్తిన రుద్దింది. గుడ్డ బ్యాడ్జీలు కుట్టే ఆ దుకాణానికి యజమాని అత్తగారు. ఆవిడ నమ్మేసింది. బయటి మెకానిక్ వచ్చి డెస్క్‌టాప్ మళ్ళీ పెట్టి వెళ్ళాడు గానీ, నాలుగేళ్ళు అందులో డిజైన్లు గీసిన తనని మాత్రం మళ్ళీ ఆ కుర్చీ ఎక్కనివ్వలేదు. సూది విరిగినా అందరూ తన వంకే చూసేవాళ్ళు.

మధ్యాహ్నానికి అత్తగారు దిగొచ్చింది. రేపటికి ఇవ్వాల్సిన బ్యాడ్జీల డిజైన్ అందులోనే ఉంది, నీకేమైనా చేతనవుతుందా అని అడిగింది. అవుతుంది అత్తయ్యా, మీరు పక్కన కూర్చోండి, నాకీ చిన్నక్షరాలు ఆనవు, అక్క చదివి పెట్టాలి అంది చిన్నకోడలు, నంగనాచిలా.

ఎవరూ తీసెయ్యని తన పాత పేరూ పాస్‌వర్డుతో లోపలికెళ్ళి ఒక ఫైలు తెరిచింది. ఏ ప్రోగ్రాం ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీశారో, ఎవరు చేశారో కంప్యూటర్ అందులో రాసి పెట్టుకుంటుంది. ఆ సంగతి పెద్దకోడలికి తెలీదు. ధాటీగా చదవడం మొదలెట్టింది. నిన్నటి తేదీ, పొద్దున తొమ్మిదీ పది. తీసెయ్యమన్నది పాటల ప్రోగ్రాం ఒక్కటే. దాంతోపాటు పోయినవి నూట నలభై, డెస్క్‌టాప్‌తో సహా. ఇవన్నీ పోతాయి, సరేనా అని కంప్యూటర్ అడిగితే ఎవరో చదవకుండా సరే కొట్టారు. చేసినవాళ్ళ పేరు దగ్గరికొచ్చేసరికి చదవడం ఆపేసింది. అక్కడున్నది తన పేరే.

నా పేరుతో చిన్నదే చేసుంటుందని పెద్దకోడలు గొణిగింది.

"నిన్న ఆ వేళకి అది నాతో గుడ్డ కొలుస్తోంది," అంది అత్తగారు.

చిన్నకోడలు ఆర్నెల్ల కిందటి ఫైలు కూడా తెరిచింది. అక్కడా అదే పేరు. అత్తగారి మొహం మాడిపోయింది. సర్లే, అయిందేదో అయింది, ముందు పని కానియ్యమంది. చిన్నకోడలు చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా, ఆ రోజు అందరి ముందూ అన్నావు. ఇవాళా అందరి ముందే అను."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. పెద్దకోడలు, అప్పుడు చెడగొట్టింది తనేనని, చిన్నదాని మీదికి నెట్టానని చెప్పింది. వినపడలేదంది చిన్నకోడలు. బాగానే వినపడింది. అయినా మళ్ళీ చెప్పించింది. జాలేస్తుందేమోనని చూసుకుంది. వెయ్యలేదు. ప్రాణం హాయిగా ఉంది.

అప్పుడు డెస్క్‌టాప్ నెట్‌లోంచి మళ్ళీ దింపి పెట్టింది. పావుగంటకి తెర మీద బొమ్మలొచ్చాయి, బాణం కదిలింది. ఆ తర్వాత ఇంకొక్క వరస టైపు చేసింది. అదేంటని పెద్దకోడలు అడిగింది.

"నీ పేరుకున్న అధికారం తీసేశాను అక్కా. ఇకమీదట ఇందులో ఏది పెట్టాలన్నా, తియ్యాలన్నా నన్ను పిలవాలి. కాస్త గట్టిగా పిలువు, అందరికీ వినపడేలా."