ష్ట్రాంబెర్క్ చెవులు

ఏటా మే నెలలో ఒక ఆదివారం బ్లాజెనా తన చెల్లెలు మిలాదాని వెంటబెట్టుకుని ఓస్త్రావా పట్నం నుంచి కొండమీది ష్ట్రాంబెర్క్ ఊరికి వెళ్ళేది, కాస్త ఊపిరి పీల్చుకోవడానికని. మిలాదా మొగుడు పోయిన దగ్గర్నుంచి ఇద్దరూ ఒకే ఫ్లాటులో ఉంటున్నారు. ఇంట్లో పోట్లాట చాలదన్నట్టు రైల్లో కూడా అదే.

"నెత్తిన ఆ టోపీ ఏంటే? పొదుగుతున్న కోడిలా ఉంది."

"నీ మొహం కంటే కోడి నయం అక్కా."

ఆ ఏడు కూడా కొండెక్కి చెవులు కొన్నారు. తేనె, దాల్చినచెక్క వేసిన పల్చటి బిస్కెట్ బిళ్ళని వేడి మీదే గరాటులా చుడితే అది చెవి. ఆ ఊళ్ళో చెవులు వింటాయి. దగ్గర్లో ఎవరేం మాట్లాడినా పట్టుకుని, తిన్నవాళ్ళకి అప్పగిస్తాయి. అందుకే కొట్టామె అలవాటుగా అడిగింది.

"సంచి మూతి కట్టనా, వదిలెయ్యనా?"

"వదిలెయ్యి," అంది బ్లాజెనా.

చెల్లెలు తన వెనక ఏమంటుందో వినాలని ఆమెకి ఎప్పట్నుంచో ఉంది. బురుజు కింద బెంచీ మీద ఆ సంచి పెట్టి, పైన కోటు కప్పింది.

"నేను పైకెళ్ళొస్తా. నీ మోకాళ్ళకి చేతకాదుగా, ఇక్కడే పడుండు."

పైనుంచి చూస్తే చెల్లెలి ముందు ఒక పెద్దమనిషి టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. కిందికి దిగేసరికి లేడు.

"ఎవడే వాడు?"

"దారి అడిగాడు."

బ్లాజెనా ఒక చెవి తీసి కొరికింది. ముందు మగ గొంతు.

"ఈ ఏడు కూడా కాదంటావా మిలాదా? ఈ ఊళ్ళో అంత ఇంట్లో నేనొక్కణ్ణే."

"ఎలా రాను వెండెలీన్ గారూ? నన్ను తిట్టకపోతే అక్కకి మాట్లాడ్డానికి మనిషే లేదు. పాపం, ఒక్కతే అయిపోతుంది."

"మరి నీకు ఇష్టమేనా?"

"కాకపోతే ఏటా ఎందుకొస్తాను?"

బ్లాజెనాకి ఒళ్ళు మండిపోయింది. తిట్టి ఉంటే భరించేది. పాపమట! ఆ మాట ఇంకెవరికీ చేరకూడదని మిగిలిన చెవులన్నీ నమిలి మింగింది. ప్రతి చెవీ మళ్ళీ పాపం అంది.

స్టేషన్లో రైలు రాగానే తాను ముందెక్కి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నువ్వెక్కకు."

"ఏంటి?"

"నీ గురకా, నీ ఏడుపు మొహమూ ఇంక నా ఇంట్లో వద్దు. తాళంచెవి ఇలా ఇయ్యి."

"పిచ్చెక్కిందా నీకు? ఈ వేళప్పుడు ఎక్కడికి పోను?"

"నాకేం తెలుసు? ఏదో ఒక తలుపు కొట్టు. నీ మొగుడు కూడా నీతో పడలేకే పోయాడు."

మాట అంతదాకా పోతుందని బ్లాజెనా కూడా అనుకోలేదు. కానీ వెనక్కి తీసుకోలేదు. మిలాదా తాళంచెవి విసిరికొట్టింది. అది భుజానికి గట్టిగా తగిలింది.

ఆ సాయంత్రం మిలాదా ఏడుస్తూ వెండెలీన్ తలుపు కొట్టడం, ఎండాకాలం పోకముందే వాళ్ళు పెళ్ళి చేసుకోవడం, ఆ పెళ్ళికి అక్కని పిలవకపోవడం, ఇవన్నీ తర్వాతి సంగతులు. అప్పుడు మాత్రం రైలు కదిలింది. మిలాదా మోకాళ్ళ సంగతి మరిచిపోయి ప్లాట్‌ఫాం మీద పక్కనే పరిగెడుతూ, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని బూతు ఒకటి అందుకుంది.

బ్లాజెనా గబగబా కిటికీ అద్దం దించి, తల బయటపెట్టి, ఆ తిట్టు చివరిదాకా వింది. అందులో పాపం ఎక్కడా లేదు.