కత్తెర పట్టిన చెయ్యి

లైనింగ్ గుడ్డను బకెట్లోంచి తీసి పిండి, వాకిట్లో తాడు మీద ఆరేసింది సరోజన. ముందే తడిపి ఆరబెట్టకపోతే కుట్టిన తర్వాత ఉతుకులో ముడుచుకుపోతుంది. చేతులు కొంగుకు తుడుచుకొని లోపలికి వెళ్లి, మంచం మీద ఉన్న భర్తను పక్కకు తిప్పింది. వీపు మీద చెయ్యి పెట్టి చూసింది. పుండు పడలేదు. వేడినీళ్లలో ముంచిన తువ్వాలతో మెడ, చంకలు, బిగుసుకుపోయిన కుడి చేతి వేళ్ల సందులు తుడిచింది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి వెంకట్రాజం మాట ముద్దముద్దగా వస్తోంది. అవసరమైతే తప్ప నోరు విప్పడు.

శివనగర్‌లో, రైలు పట్టాలకు దగ్గరి గల్లీలో వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందు గదే దుకాణం. గుమ్మం పైన 'వెంకట్రాజం లేడీస్ టైలర్' అని బోర్డు. ఎండకు దాని ఎరుపు వెలిసి ఇటుకపొడి రంగుకొచ్చింది. లోపల ఒక మిషన్, ఒక కోత బల్ల. బల్ల ఎప్పుడూ అతనిది. మిషన్ ఆమెది.

పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమె బల్ల దగ్గర నిలబడింది. పొరుగింటామె జాకెట్టు గుడ్డ. చంక దగ్గర కత్తెర కాస్త లోపలికి పోయింది. వెంకట్రాజం కోప్పడలేదు. గుడ్డ తెచ్చినామె ముందే నవ్వుతూ, "దీని చెయ్యి వణుకుతదమ్మ. ఇగ నువ్వు కత్తెర ముట్టకు సరోజనా, కుట్టుడు సాలు నీకు" అన్నాడు. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేది. నవ్వుతూ అన్నాడు గనుక ఆ మాట లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది. తర్వాత బ్యాంకుకు పోవాలన్నా, హనుమకొండ పోయి దారాలు కొనుక్కురావాలన్నా "నీకు తెల్వది, నేను పోతా" అనేవాడు. చెడ్డవాడు కాదు. ఆమె మీద ఎన్నడూ చెయ్యి చేసుకోలేదు, తాగి రాలేదు. వాన పడిన సాయంత్రాల్లో స్టేషన్ రోడ్డు నుంచి వేడి మిర్చి బజ్జీలు తెచ్చేవాడు. ఆమె కూడా తనకు చేతకాదనే నమ్మింది. కొడుకు అనిల్ పెరిగి పెద్దవాడై డోర్నకల్‌లో రైల్వే కొలువులో చేరేదాకా, ఆ తర్వాత కూడా, భర్త కోసినవన్నీ ఆమె కుట్టింది. పేరు మాత్రం కోతకే వచ్చింది.

కిందటి వానాకాలం అతని కుడి పక్క పడిపోయింది. దుకాణం కొన్నాళ్లు మూతపడింది. మళ్లీ తెరిచిన రోజున సరోజన ఒక నూలు గుడ్డ మీద సుద్దతో గీతలు గీసి, కత్తెర ఎత్తి, దించి, మళ్లీ ఎత్తింది. చెయ్యి నిజంగానే వణికింది. ఆ గుడ్డను ఓ అట్ట మీద పరిచి మంచం దగ్గరికి తీసుకుపోయింది.

"జర సూడయ్య, మంచిగున్నదా?"

వెంకట్రాజం చాలాసేపు చూసి తల ఊపాడు. ఆమె బల్ల దగ్గరికి తిరిగి వచ్చేసరికి వణుకు లేదు. ఆ రోజు నుంచి ప్రతి గుడ్డా మంచం దాకా పోయి రావలసిందే.

ఎండ గడప దాటి లోపలికి వచ్చే వేళకు నవనీత వచ్చింది. కొత్తవాడలో దరీ తివాచీలు నేసేవాళ్ల అమ్మాయి. ఎల్లుండి ఎంగేజ్‌మెంట్. సంచిలోంచి ఆది జాకెట్టు, ముదురు ఆకుపచ్చ పట్టు ముక్క తీసి, పట్టును రెండు చేతులతో బల్ల మీద పరిచింది.

"మా అమ్మ పెండ్లి చీరది చిన్నమ్మా. చీర మొత్తం పిగిలిపోయింది, గీ కొంగొక్కటే గట్టిగున్నది. అమ్మ లేదు గద, గీ జాకెటన్న తొడుక్కుంటనని..." పట్టు అంచును వేలితో నిమిరింది. "తప్పు పోతె మల్ల దొరికేది కాదు. చిన్నాయిన సూసినంకనే కొయ్యి. ఏమనుకోకు."

"సూపిస్త తియ్. ఫికర్ జెయ్యకు," అంది సరోజన. ఏమీ అనుకోలేదు. తనైనా అదే అడిగేది.

ఆది జాకెట్టు కొలతలు తీసి, పట్టును తిరగేసి లోపలి వైపున గీతలు గీసింది. జరీ అంచు సరిగ్గా చేతుల చివరికి వచ్చేలా చెరిపి చెరిపి గీసింది. ముక్క చిన్నది. చంక కింద వేలెడు గుడ్డ కూడా మిగలడం లేదు. అట్ట మీద పరిచి లోపలికి తీసుకుపోతుంటే గాలికి పట్టు జారింది. సర్ది, అతని ముఖం ముందు పెట్టింది.

"జర సూడు. చంక కాడ తక్కువైతదేమో."

వెంకట్రాజం కళ్లు గుడ్డ మీద నిలిచాయి. ఎప్పటిలాగే కాసేపు చూసి తల ఊపాడు. "మంచిగ..." అన్నాడు.

సరోజన కిందికి చూసింది. సర్దేటప్పుడు పట్టు తిరగబడింది. పైకి కనిపిస్తున్నది జరీ మెరుపు మాత్రమే. సుద్ద గీతలన్నీ అడుగున ఉన్నాయి.

అట్టను మెల్లగా పక్కన పెట్టి, వాకిట్లోంచి లైనింగ్ గుడ్డ తెచ్చి చూపింది. దాని మీద ఒక్క గీత లేదు.

"మరి గిది?"

అతను దానికీ తల ఊపాడు.

"నీకు కండ్లు కనవడ్తలేవా?"

ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "మబ్బు... మబ్బు."

"ఎప్పటి సంది?"

"పడ్డప్పటి... సంది."

"మరి ఇన్ని దినాలు తలకాయెందుకు ఊపినవ్? దవాఖానల సెప్పద్దా? నాకన్న సెప్పద్దా?"

అతని కుడి కంటి కొసన నీళ్లు నిలిచాయి. జబ్బు చేసినప్పటి నుంచి ఆ కన్ను ఊరికే కారుతూనే ఉంటుంది. అది ఏడుపో కాదో ఆమెకు తెలియలేదు. తనకు ధైర్యం చెప్పడానికి ఊపాడా? చూపు లేదని తెలిస్తే ఇక ఎవరూ అతన్ని అడగరని ఊపాడా? "సెప్పు," అంది. అతను కళ్లు మూసుకున్నాడు.

బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. దసరాకు కుట్టినవి, పెళ్లిళ్లకు కుట్టినవి, నెక్కొండ నుంచి రైలెక్కి వచ్చి ఇచ్చిపోయినవాళ్లవి, అన్నీ ఎవరూ చూడకుండానే కోసింది. వాటిలో ఒక్కటీ తిరిగి రాలేదన్న సంగతి చాలా ఆలస్యంగా తోచింది. తోచినా నమ్మబుద్ధి కాలేదు.

గుడ్డ వాపసు ఇచ్చేద్దామని ఫోను తీసింది. మళ్లీ పెట్టేసింది. పట్టును తిప్పి గీతలు చూసింది. చంక దగ్గర గీతను చెరిపి కాస్త బయటికి గీసింది. కత్తెర పట్టుకుంది. చెయ్యి వణికింది. ఆగుతుందేమోనని చూసింది. ఆగలేదు. మణికట్టును బల్లకు ఆనించి, వణుకుతూనే కోసింది.

చివరి ముక్క విడిపోయాక ఆది జాకెట్టు మీద పెట్టి చూసింది. సరిపోయింది. ఆమెకు సంతోషం కలగలేదు. కోపం వచ్చింది, ఇన్నేళ్ల కోపం. నిన్ను అడగకుండనే కోసినని అతని ముఖం మీదే అనాలనిపించింది.

"ఇగో, ఇను," అంది గుమ్మంలోంచే. అతను గోడవైపే తిరిగి ఉన్నాడు. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. అతని తల దిండు మీద ఇటువైపుకు తేలిగ్గా వాలింది. ముక్కు దగ్గర పెట్టిన వేలికి ఊపిరి తగల్లేదు. బయట డోర్నకల్ వైపు పోయే బండి ఏదో పట్టాలను అదరగొడుతూ దాటింది. అది పూర్తిగా దాటిపోయేదాకా అలాగే నిలబడి, తర్వాత పక్కింటి రాజక్కను కేకేసింది.

సాయంత్రానికి గల్లీ అంతా వచ్చింది. రాజక్క ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. నవనీత కూడా వచ్చింది. సరోజన చెయ్యి పట్టుకొని కాసేపు ఏడ్చింది. తర్వాత ఆ పిల్ల చూపు బల్ల మీది ఆకుపచ్చ ముక్కల వైపు పోయింది.

"చిన్నాయిన... సూసిండా చిన్నమ్మా?"

అవునంటే సరిపోయేది. పోయినవాడికి గౌరవం, పిల్లకు నిమ్మళం. చుట్టూ ఉన్నవాళ్లంతా వింటున్నారు.

"లేదు బిడ్డ. నేనే కోసిన," అంది సరోజన. "తీస్కపోయి ఎవరితోనన్న కుట్టిచ్చుకో. సరిగ్గ వస్తది."

వీపు మీద రాజక్క చెయ్యి ఆగిపోయింది. "గిప్పుడా గా ముచ్చట," అని వెనక నుంచి ఎవరో గొణిగారు. నవనీత మళ్లీ బల్ల వైపు చూడలేదు. పట్టుకున్న చెయ్యి కూడా వదల్లేదు.

అనిల్ వచ్చాక, తెల్లవారి శవాన్ని లేపారు. మంచం ఎత్తేటప్పుడు దిండు కింద నుంచి ఏదో జారి గచ్చు మీద దొర్లింది. చేతికుట్టు వేసేటప్పుడు సూది గుచ్చుకోకుండా వెంకట్రాజం వేలికి తొడుక్కునే ఇత్తడి అంగుస్తాన్. ఎవరో దాన్ని ఏరి కిటికీలో పెట్టారు. అందరూ వెళ్లిపోయాక కూడా అది అక్కడే బోర్లా ఉండిపోయింది, ఒంటినిండా సూది మొనల గుంటలతో.