నా అట్ట మీద ఇంకొకరి పేరు

నేను ఒక నోటు పుస్తకాన్ని. రెండు వందల పేజీలు, అట్ట మీద నెమలి బొమ్మ. పెద్ద చదువు నాకు లేదు. నా మీద ఎవరేం రాస్తే అదే నా చదువు. కానీ రాసినవాళ్ళ సంగతీ, రాయించినవాళ్ళ సంగతీ బాగా తెలుసు. తెలిశాకే చదువుకున్న మనుషులంటే నాకు ఇంత చులకన.

నడుముకు పిన్నులు కొట్టిన రోజే అనుకున్నాను, ఏ బజ్జీల బండి దగ్గరో పొట్లాలవడమే నా గతి అని. కోసిగి ఊళ్ళో కొట్లో ఉన్నన్నాళ్ళూ ఎలుకలు కొరుకుతాయేమో, వాన జల్లు కొడుతుందేమో అని ఒకటే గుబులు. చివరికి నన్ను కొన్నది తిక్కమ్మ. "లోపల తడిసింటాదేమో సూడన్నా" అంటూ పేజీ పేజీ తిప్పింది. నాకంటే భయస్తురాలు ఒకతె ఉందని అప్పుడు తెలిసింది.

తిక్కమ్మ కూతురు ఉరుకుందమ్మ డిగ్రీ రెండో ఏడు. ఆ ఊళ్ళలో పంట అయిపోగానే ఇళ్ళకు తాళాలు పడతాయి. అందరూ లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్నే సుగ్గి అంటారు. వయసు పిల్లను తాళాలు పడిన వీధిలో ఒంటరిగా వదలాలంటే తిక్కమ్మ గుండె ఒప్పలేదు, హాస్టల్లో సీటు దొరకలేదు. కూతుర్నీ లారీ ఎక్కించింది.

పోయే ముందు తెలుగు లెక్చరర్ వామనరావు ఆ పిల్లను పిలిచాడు. "విద్యార్థుల వ్యాసాలతో కాలేజీ పుస్తకం వేస్తోంది. సాహిత్యం, సమాజం, వలస. నువ్వెలాగూ పోతున్నావు కదా, చూసింది రాసుకురా. హాజరు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. ఆ పిల్ల నమ్మింది. నేనైతే అప్పుడే నమ్మలేదు.

మూడు నెలలు మిరపతోటలో ఉన్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఉరుకుందమ్మ గోతాల నీడలో కూర్చుని, మండే వేళ్ళతో రాసేది. గుడారంలో ఒకరికి దగ్గు మొదలైతే వరసగా అందరూ దగ్గడం రాసింది. బాలింత లక్ష్మక్క, చేత్తో తాకితే బిడ్డ కళ్ళు మండుతాయని, మోచేత్తో దాని ముఖం తుడవడం రాసింది. గాలి వీస్తే ఎగిరిపోతానేమో, గేదె నములుతుందేమో అని నా ప్రాణం నా దగ్గర లేదు. అయినా చెప్తాను, నాలో అబద్ధం లేని పేజీలంటే అవే.

తిరిగొచ్చేసరికి హాజరు యాభై నాలుగు శాతం. డెబ్భై అయిదు లేకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. ఈ పరీక్ష పోతే ఏడాది పోతుంది, ఏడాది పోతే చదువే పోతుంది, ఇక ప్రతి సుగ్గికీ లారీ ఎక్కడమే. తల్లీ కూతుళ్ళు నన్ను పట్టుకుని స్టాఫ్ రూముకు పరుగెత్తారు.

వామనరావు నన్ను తెరిచి రెండు పేజీలు చదివి కళ్ళు తుడుచుకున్నాడు. సార్‌కు ఏడుపొచ్చిందని ఆ పిల్ల మురిసింది. ఏడుపు కాదు, నాలో ఉన్న కారం ఘాటు. మూడుసార్లు తుమ్మాడు కూడా.

"చాలా బాగుంది. హాల్ టికెట్‌కు మాత్రం ఒకటే దారి. ఈ మూడు నెలలూ పచ్చకామెర్లని డాక్టరు కాగితం పెట్టు. అందరూ చేసేదే."

"నాకు కామెర్లు రాలేదు గద సార్. సుగ్గికి పోయింటి. అదే రాయండి."

"రూల్సులో రోగం ఉంది. సుగ్గి లేదు."

తిక్కమ్మ చేతులు జోడించింది. "సామీ, లేని రోగం రాపిస్తే నిజంగానే వస్తాది. మా సిన్నాయన కొడుకు సెలవు కోసం జరమని రాసిచ్చి, ఆ వారమే మంచం పట్టె. కామెర్లు వద్దు. ఏదన్నా చిన్నది రాయండి, పడిశం."

"పడిశానికి మూడు నెలలు ఇవ్వరమ్మా!"

ఆ తరవాత అసలు మాట బయటపెట్టాడు. "కామెర్లతో మంచంలో ఉన్న పిల్ల గుంటూరులో మిరపకాయలు కోసిందని మనమే అచ్చేస్తే, రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పను? వ్యాసం మీ క్లాసు ప్రవల్లిక పేరుతో వేద్దాం. ఆ అమ్మాయికి తొంభై రెండు శాతం హాజరుంది."

"దినామూ ఈడనే ఉన్న పిల్ల మిరపకాయలు ఎప్పుడు కోసె సార్?"

"ఆదివారాలు క్షేత్ర పర్యటనకు వెళ్ళిందంటాం."

ఇంత చదువు చదివింది ఇందుకా! ఉరుకుందమ్మ నా మీద చెయ్యి వేసింది. నన్ను తీసుకుని లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. తిక్కమ్మ కూతురి చెవిలో మెల్లగా అంది: "పేరు ఇంగోసారి వస్తాదిలే మే. పరీక్ష పోతే రాదు." ఆ పిల్ల చెయ్యి తీసేసి, కామెర్ల అర్జీ మీద సంతకం పెట్టింది. వామనరావు నా అట్ట మీది ఉరుకుందమ్మ పేరు మీద తెల్లకాగితం అంటించి ప్రవల్లిక అని రాశాడు. ఆ జిగురు తడి ఇప్పటికీ ఒంటికి పట్టినట్టే ఉంటుంది.

అచ్చులో లక్ష్మక్క మోచేయి లేదు. ఆ చోట 'మాతృహృదయ వేదన' అని ఉంది. పుస్తకం ఆవిష్కరణ సభలో పెద్దలు వలసకూలీల గురించి కంఠం వణికించి మాట్లాడారు. వాళ్ళలో ఒక్కరిదీ మిరపచెట్టు చూసిన ముఖం కాదు. తనకు శాలువా కప్పేముందు ప్రవల్లిక పరుగున వచ్చి ఉరుకుందమ్మను అడిగింది. "ఏయ్, మిరపకాయ తొడిమతో కోస్తారా, లేకుండానా? ఎవరైనా అడిగితే?"

"తొడిమతోనే" అంది ఆ పిల్ల. నేనైతే తప్పు చెప్పేదాన్ని.

హాల్ టికెట్ వచ్చింది. పరీక్ష పాసైంది. నన్ను మాత్రం 'క్షేత్ర పరిశోధన, రచన: ప్రవల్లిక' అనే చీటీతో లైబ్రరీ అద్దాల బీరువాలో పెట్టారు. తాళం వామనరావు దగ్గర. వాన కురిస్తే కప్పు కారుతుందేమోనని ఇక్కడా నాకు నిద్ర లేదు.

ఈ ఏడు తిక్కమ్మ ఒంటరిగా సుగ్గికి పోయిందట, కూతురికి హాస్టల్లో సీటు దొరికింది. "మళ్ళీ ఏదన్నా రాయమ్మా" అని వామనరావు బీరువా ముందే అడిగాడు. "క్లాసులు ఉన్నాయి సార్" అంది.

నిన్న వాళ్ళ ఊరి పిల్ల, కొత్తగా చేరింది, అద్దానికి ముక్కు ఆనించి నన్ను చూసి అరిచింది. "అక్కా, ఇది నీ రాతే గదా! సుగ్గిలో గోతాల పక్కన కూర్చోని రాస్తాంటివి, నేను సూసినా!"

ఉరుకుందమ్మ నా వైపు తిరగను కూడా తిరగలేదు.

"నేను కాదు మే. ఆ మూడు నెలలూ నాకు కామెర్లు" అని గబగబా క్లాసుకు పోయింది. అక్కడ హాజరు పిలుస్తున్నారు.