ఐసు మిల్లు ఆగితే

"నువ్వు టైపు చెయ్యి చాలు రెబెక్కా, ఆలోచించడానికి నేనున్నాను" అన్నాడు ప్రేమ్ కుమార్, చేతిరాత కాగితాలు భార్య ముందు పెట్టి. పదకొండేళ్లుగా రోడ్ల ఆఫీసులో అతనిచ్చే ప్రతి నివేదికా ఆమె పొయ్యి మీద కూర చూసుకుంటూ కొట్టిందే. తప్పులు దిద్దేదీ ఆమే.

ఈసారిది వానల్లో హైవేకి వచ్చే ప్రమాదాల గురించి. రోడ్డు ఒక పేజీలో, కరెంటు ఒక పేజీలో, అండర్‌పాసులో నీళ్లు తోడే మోటారు ఇంకో పేజీలో ఉన్నాయి. వాటిలో ఒకదానికి ఇంకోదానితో చుట్టరికం ఉన్నట్టు ఎక్కడా లేదు. కరెంటు పోతే ట్యాంకులో నీళ్లుండవని, నీళ్లు లేకపోతే వంట ఆలస్యమని, ఆ ఆలస్యానికి మాట పడేది తనేనని రోజూ చూసే రెబెక్కాకి ఆ లోటు ఇట్టే కనబడింది.

ఆమెకంటే ముందే ఆ చుట్టరికాన్ని కనిపెట్టింది చేపలమ్మే మరిడమ్మ. మిల్లులో ఐసు ఎత్తుకుని, హైవే కింది అండర్‌పాసు దాటి ఊళ్లోకి వస్తుంది. "మిల్లు చప్పుడు ఆగిందంటే ఆ మోటారూ ఆగుద్దమ్మగోరూ. రెండిటికీ ఒకటే లైను. వానలో అది ఆగితే నేను చుట్టు తిరిగొత్తాను" అంది మొన్న, పండుగప్ప కోస్తూ.

పోయిన నెల వానలో మిల్లు ఆగినప్పుడు మాత్రం చుట్టు తిరిగి పోలేదు. అండర్‌పాసు ముందు గంప బోర్లించి, అడ్డంగా నిలబడి కాలేజీ బస్సును ఆపింది.

"అడ్డు లే, చేపల కంపు!" అని డ్రైవరు కసిరాడు.

"కంపు కడిగితే పోద్ది నాయనా. పిల్లల్ని ఎక్కణ్ణుంచి తెత్తావు?"

పావుగంటలో అక్కడ నీళ్లు నిలువెత్తు లేచాయి. ఆ రోజు ఆమె చేపలన్నీ మట్టిపాలు.

ఇదంతా రెబెక్కా ఒక పేజీగా రాసి చేర్చింది. కింద, "సమాచారం: మరిడమ్మ, చేపల వ్యాపారి."

"పాయింటు బాగుంది. పేరు తీసెయ్" అన్నాడు ప్రేమ్ కుమార్. "చేపలావిడ చెప్పిందంటే మీటింగులో నవ్వుతారు."

"ఆ బస్సులో పిల్లలు నవ్వరండీ."

"పదకొండుకి మీటింగు రెబెక్కా! తీసేసి మిగతాది కానియ్."

రెబెక్కా కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. టకటకలు ఆగేసరికి ఇల్లంతా మూగబోయింది. ఇంకా ఆరు పేజీలున్నాయి. అతను గడియారం వంక చూశాడు, కాగితాల వంక చూశాడు, చివరికి ఆమె చేతుల వంక, వాటినెప్పుడూ చూడనట్టు చూశాడు.

"సర్లే, ఉంచు."

ఆమె వేళ్లు మళ్లీ కదిలాయి. మరిడమ్మ పేరు కింద, ఎవర్నీ అడక్కుండా, తన పేరు కూడా కొట్టింది.