పరీక్ష గది బయటి కుర్చీ

ఆ ఉదయం ఆకాశం కొండల మీదికి దిగి కూర్చుంది. కురిసేది వాన అనడానికి లేదు, మంచు అనడానికీ లేదు. సన్నగా రాలుతూ, తగిలిన చోటల్లా గాజులా గడ్డకట్టుకుపోతోంది. కంచె తీగలు లావెక్కాయి. దేవదారు కొమ్మలు బరువుకి నేల దాకా వంగాయి. హార్లన్ లెడ్‌బెటర్ గొడ్డలి పుచ్చుకుని కుంట దగ్గరికి వెళ్లి, పశువులు నీళ్లు తాగేందుకు మంచుపలక పగలగొట్టి వచ్చేసరికి ఇంట్లో పాఠం సగం అయింది.

వంటింటి బల్లే ఆ ఇంటి బడి. అమెరికాలోని మా ఓజార్క్ కొండల్లో అలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. పిల్లల్ని ఊరి బడికి పంపకుండా తల్లే పాఠం చెబుతుంది, తల్లే దిద్దుతుంది, చదువు పూర్తయిందని తల్లే సంతకం పెడుతుంది. అందులో తప్పేమీ లేదు. ఇంట్లో చదివి చక్కగా బతికినవాళ్లు మా చుట్టూ ఎందరో ఉన్నారు. అయితే తల్లి వేసిన మార్కుల్ని కాలేజీవాళ్లు అంత తేలిగ్గా నమ్మరు. అందుకని ఈ మధ్య పిల్లలు హైస్కూలు వయసులోనే టౌనుకు వెళ్లి క్లెప్ పరీక్షలు రాస్తున్నారు. ఒక పరీక్ష పాసైతే ఆ పాఠం మళ్లీ కాలేజీలో చదవనక్కర్లేదు, దాని క్రెడిట్లు ముందే చేతికి వస్తాయి. ఆదివారం చర్చి వాకిట్లో మగవాళ్లు దూడల సంగతి మాట్లాడుకున్నట్టే ఇప్పుడు పిల్లల క్రెడిట్ల సంగతి మాట్లాడుకుంటున్నారు.

హార్లన్ కొడుకు, పదహారేళ్ల ఆమోస్ ఆరోజు కాలేజీ ఆల్జీబ్రా పరీక్ష రాయాలి. అప్పుడే పొయ్యిలోంచి తీసిన మెత్తని రొట్టెల మీద మిరియాల గ్రేవీ పోసుకుని తింటున్నాడు. అతని అక్క టిర్జా పొయ్యి దగ్గర నిలబడి, పిండి డబ్బాకి పుస్తకం ఆనించి, గ్రేవీ కలుపుతూనే ప్రశ్నలు అడుగుతోంది. మధ్యలో చిన్నవాళ్లిద్దరి పలకలు దిద్దుతోంది.

"అక్కా, కాసేపు ప్రశ్నలు ఆపితే గ్రేవీ వేడిగా తింటాను," అన్నాడు ఆమోస్.

"గ్రేవీ పరీక్షలో రాదు. విలోమ ప్రమేయం వస్తుంది. చెప్పు."

అతను చెప్పాడు. ఒక గుర్తు తప్పాడు. ఆమె పుస్తకం వైపు చూడకుండానే సరిదిద్దింది. ఆమె పళ్లెంలో రొట్టె అప్పటికే చల్లారిపోయింది. ఆ ఇంట్లో టిర్జా పళ్లెం ఎప్పుడూ అంతే. ఎవరూ దాన్ని వింతగా చూడలేదు.

టిర్జాకి పంతొమ్మిదేళ్లు. రెండేళ్ల కిందట చర్చి హాల్లో ఆమె చదువు పూర్తయిందని వేడుక చేశారు. కేకు కోశారు. మేనత్తలు కలిసి కుట్టిన బొంత కానుకగా ఇచ్చారు. తల్లి లొరీన్ తన చేత్తో రాసిన మార్కుల పట్టీలో లెక్కలకీ సైన్సుకీ మంచి మార్కులే వేసింది. ఇల్లు చూసుకోవడం, చిన్నవాళ్లకి పాఠం చెప్పడం అన్నిటినీ కలిపి 'గృహ నిర్వహణ' అని ఒక వరుస రాసి, దానికి అన్నిటికన్నా పై మార్కు వేసింది. మర్నాటి నుంచి టిర్జా మళ్లీ అదే బల్ల దగ్గర నిలబడింది. ఆమోస్ పరీక్షలు మొదలైనప్పుడు పుస్తకాలు తెచ్చి ముందుగా చదివింది ఆమే. అర్థం చేసుకుని అతనికి చెప్పింది. అతను ఒక్కొక్కటే పాసవుతూ వచ్చాడు. నువ్వూ రాస్తావా అని ఆమెను ఎవరూ అడగలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. ఆ మాటే ఆ ఇంట్లో పుట్టలేదు.

పోయిన ఆదివారం ఇంకొకటి జరిగింది. పక్క లోయలో ఉండే ప్రేథర్, చర్చి భోజనాలయ్యాక హార్లన్ భుజం తట్టి, మీ అమ్మాయి మా పిల్లలకు కూడా ఈ పరీక్షలకి చెబితే బాగుంటుందన్నాడు. ఇంకా రెండు కుటుంబాలవాళ్లు మేమూ పంపిస్తామన్నారు. హార్లన్‌కి ఛాతీ పొంగింది. వచ్చే ఆకురాలు కాలం నుంచి పంపండి, ఆమెకేం పని, ఇంట్లోనే ఉంటుందిగా అన్నాడు. వంట గిన్నెలు మోసుకుని వెళుతున్న టిర్జా ఆ మాట విన్నది. గిన్నెలు దించకుండానే ఒక్క క్షణం నిలబడి, మళ్లీ నడిచింది. తన బతుకులో ఇంకో రెండేళ్లో మూడేళ్లో ఆ మాటతో అయిపోయాయని ఆమెకు తెలిసింది.

దారి జారుడుగా ఉన్నా హార్లన్, ఆమోస్, టిర్జా ముగ్గురూ ట్రక్కులో టౌనుకు బయలుదేరారు. పరీక్షకి టిర్జా ఎప్పుడూ తోడు వెళుతుంది. దారి పొడవునా ప్రశ్నలు అడుగుతుంది. అతను లోపల రాస్తుంటే ఆమె గది బయట, గోడవారన ఉన్న కుర్చీలో కూర్చుంటుంది.

ఆ పరీక్ష గదిని చూసుకునేది హాసెల్ టీచరు. ఊరి హైస్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఇక్కడ కూర్చుంటున్న మనిషి. ఆ రోజుల్లో హార్లన్ కూడా ఆమె దగ్గర చదివినవాడే. ఇప్పటికీ ఆమె కనబడితే టోపీ తీసి చేతిలో పట్టుకుంటాడు. కొడుకుని లోపలికి పంపి అతను దాణా కొట్టుకి వెళ్లాడు. టిర్జా తన కుర్చీలో కూర్చుంది.

పక్క కుర్చీలో ఒక నడివయసు మనిషి తన వంతు కోసం చూస్తోంది. వృద్ధాశ్రమంలో రాత్రి పని చేసి, ఆ యూనిఫాంతోనే వచ్చింది. చేతిలో నమూనా ప్రశ్నల కాగితాలు. చూస్తూ చూస్తూ వాటిని ఒళ్లో బోర్లించేసింది.

"ఈ లాగరిథమ్ అన్నదాన్ని ఎవరు కనిపెట్టారో గానీ, వాడింట్లో పొయ్యి వెలగకుండా పోను," అంది ఎవరితోనూ కాకుండా.

టిర్జా నవ్వింది. "ఒక కుందేలు ఉందనుకోండి. నెలకోసారి మంద రెట్టింపవుతుంది. ముప్పై రెండు కావాలంటే ఎన్ని నెలలు?"

ఆమె వేళ్లు ముడిచి లెక్కపెట్టింది. "రెండు, నాలుగు, ఎనిమిది... అయిదు నెలలు."

"ఆ అయిదే లాగరిథమ్. అంతకుమించి ఏమీ లేదు. మీరు భయపడుతున్నది ఆ పేరుకే."

ఆమె కాగితాలు మళ్లీ తిరగేసింది. తర్వాతి లెక్క తనే చేసి చూపించింది. అంతలో లోపలికి పిలుపు వచ్చింది. పోతూ పోతూ టిర్జా చేయి పట్టుకుని, మీరు ఏ బడిలో చెబుతారమ్మా అని అడిగింది.

హాసెల్ టీచరు తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్నది. ఆమె వచ్చి, ఖాళీ అయిన కుర్చీలో కూర్చుంది.

"ఈ కుర్చీలో నిన్ను చాలాసార్లు చూశాను. లోపల కుర్చీలో ఒక్కసారీ చూడలేదే. ఎందుకని?"

నేను చెప్పడం వరకేనండీ, రాసేది తమ్ముడు అన్నది టిర్జా. నీకు రాయాలని లేదా అని టీచరు అడిగింది. ఆ ప్రశ్న ఆమెను అడిగిన మొదటి మనిషి ఆవిడే. టిర్జా వంగి తన బూట్ల మీద కరుగుతున్న మంచు తుడుచుకుంది.

"ఉందండీ," అన్నది. "చిన్నప్పటి నుంచీ నా లెక్కలు అమ్మే దిద్దింది. అమ్మ కాని మనిషి దిద్దితే ఎలా ఉంటుందో చూడాలని ఉంది. అది బాగుంటే కాలేజీకి వెళ్లి, ఇదే పని నిజంగా చేయాలని ఉంది."

టీచరు ఆమె మోకాలి మీద చేయి వేసి, లేచి వెళ్లింది.

ఆమోస్ పాసయ్యాడు. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. నవ్వుకుంటూ బయటికి వచ్చి, అక్కా, పొద్దున నువ్వు సరిదిద్దిన గుర్తే వచ్చింది అన్నాడు. హార్లన్ దాణా బస్తాలు ట్రక్కులో వేయించి అప్పుడే వచ్చాడు. కొడుకు వీపు చరిచాడు. టోపీ తీసి టీచరుకి కృతజ్ఞతలు చెప్పబోయాడు.

"నాకెందుకు చెబుతావు హార్లన్. చెప్పాల్సిన మనిషి ఆ కుర్చీలో కూర్చుని ఉంది," అన్నది ఆమె.

హార్లన్ నవ్వి, అవునవును, వాళ్ల అమ్మకి చేదోడుగా ఉంటుంది, ఎంతో సాయం చేస్తుంది అన్నాడు.

"సాయం అంటావా? నేను ముప్పై ఏళ్లు చేసింది సరిగ్గా ఆ పనే. నన్ను చూసి, సాయం చేస్తోంది పాపం అని ఎవరూ అనలేదు. టీచరు అన్నారు. నువ్వూ అన్నావు." ఆమె గొంతు పెంచలేదు. క్లాసులో మొద్దబ్బాయికి లెక్క రెండోసారి చెప్పేటప్పటి గొంతు అది. "పిల్లల్ని ఇంట్లో ఎందుకు పెట్టుకున్నావో నాకు తెలుసు. ఒక్కొక్కరినీ విడిగా చూడాలని. మంచిదే. మరి ఈ అమ్మాయిని చూశావా? మీ ఇంట్లో చదువు ఆమె చేతుల మీదుగా అందరికీ వెళుతోంది. ఆమె దగ్గర మాత్రం ఆగడం లేదు. నువ్వు చెడ్డవాడివని అనను. అడగడం మర్చిపోయావు, అంతే. ఆ మరపులోనే ఆడపిల్లకి బతుకు గడిచిపోతుంది."

హార్లన్ ముఖం ఎర్రబడింది. వాళ్లమ్మకి ఆమె అవసరం టీచర్ అన్నాడు. ఆ మాట తనకే చాలలేదన్నట్టు టోపీ అంచు నలుపుకుంటూ ట్రక్కు వైపు నడిచాడు.

తిరుగు దారిలో అద్దం తుడిచే పుల్లల చప్పుడొక్కటే. కొంతదూరం పోయాక ఆమోస్ అన్నాడు:

"నాన్నా, నేను పాసైనవన్నీ అక్క ముందే చదివేసినవి. ఆమె వెళ్లి కూర్చుంటే చాలు. నాకు పట్టినంతసేపు కూడా పట్టదు."

"నువ్వు ఊరుకోరా," అన్నది టిర్జా.

"ఊరుకుంటే విలోమ ప్రమేయం అడుగుతావు."

హార్లన్ నవ్వలేదు. ఇంటికి తిరిగే మలుపు దాటి ముందుకు పోనిచ్చాడు. లోయలోకి దిగి, ప్రేథర్ గేటు ముందు ట్రక్కు ఆపాడు. దిగి, జారకుండా అడుగులో అడుగు వేసుకుంటూ పశువుల కొట్టం దాకా నడిచాడు. ట్రక్కులోంచి పిల్లలకి మాటలు వినబడలేదు. ప్రేథర్ చేతులు తిప్పుతూ ఏదో అనడం, తండ్రి టోపీ చేతిలో పట్టుకుని తల అడ్డంగా ఊపడం మాత్రం కనబడింది. మా కొండల్లో ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం చిన్న పని కాదు. అందులోనూ చర్చి వాకిట్లో ఇచ్చిన మాట. వచ్చి కూర్చుని, బండి తిప్పి, ఇంటి దారి పట్టాడు.

ఇంటికి రాగానే టిర్జా అలవాటు ప్రకారం ఏప్రన్ కట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది. హార్లన్ చేతులు కడుక్కుంటూ భార్యతో చెప్పాడు.

"ప్రేథర్ పిల్లలు రారు. మిగతావాళ్లకి ప్రేథరే చెబుతాడు, వాళ్లూ రారు. వాళ్ల పిల్లలకి వాళ్లే చెప్పుకుంటారు. వచ్చే నెల పరీక్షకి టిర్జా పేరు రాయించాలి."

లొరీన్ తిరిగి చూసింది. మరి చిన్నవాళ్లకి ఎవరు చెబుతారన్న ప్రశ్న ఆమె ముఖం మీద కనబడింది. లొరీన్ ఏడుగురు పిల్లల్లో పెద్దది. పదమూడో ఏట నుంచి చెల్లెళ్లకీ తమ్ముళ్లకీ జడలు వేసి, అన్నం పెట్టి, అక్షరాలు దిద్దించింది. వాళ్లలో ఇద్దరు కాలేజీకి వెళ్లారు. ఆమె పెళ్లి చేసుకుని ఇంకో బల్ల దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్లుగా దానికి బాధపడే తీరిక కూడా ఆమెకు దొరకలేదు.

ఆమె వచ్చి కూతురి వెనక నిలబడి, ఏప్రన్ ముడి విప్పింది.

"నన్ను కూడా ఎవరూ అడగలేదమ్మా," అన్నది నెమ్మదిగా. "అందుకే, నిన్ను అడగాలని నాకు తెలియలేదు. చిన్నవాళ్ల సంగతి నేను చూసుకుంటాను. నేను మర్చిపోయినవి నువ్వు చదివేటప్పుడు పక్కన కూర్చుని మళ్లీ నేర్చుకుంటాను."

టిర్జా, తల్లి చేతులు తన నడుం దగ్గరే పట్టుకుని అలాగే నిలబడింది.

ఈ కథ చదివేవారు ఒక్కసారి తమ ఇంట్లోకి చూసుకోండి. ఇంటి చదువైనా, బడి చదువైనా, అందరి పుస్తకాలూ సర్ది తన పుస్తకం తెరవని మనిషి ఒకరు ఎక్కడో ఉంటారు. ఆమె ఫిర్యాదు చేయదు. ఆమె మౌనాన్ని మనం సమ్మతి అనుకుంటాం. చదువు పంచే చేతికి చదువులో వాటా ఉండాలి. అది ఆమె అడిగి తీసుకునేది కాదు, మనం అడిగి ఇవ్వాల్సింది.

చీకటిపడ్డాక పంది మాంసం వేసి ఉడికించిన చిక్కుడు గింజలు, ఇనప పెనంలో కాల్చిన మొక్కజొన్న రొట్టె బల్ల మీదికి వచ్చాయి. హార్లన్ ప్రార్థన చెప్పాడు. అలవాటు ప్రకారం అప్పుడు పాఠాల ప్రశ్నలు మొదలవ్వాలి. ఆ పూట ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. చిన్నవాడికి రొట్టె కావలసి వస్తే టిర్జా లేవబోయింది. ఆమోస్ ముందే లేచి తెచ్చాడు. బయట కొమ్మల మీది మంచు విరిగి రాలుతున్న చప్పుడు వినబడుతోంది. అందరూ తలలు వంచుకుని తింటున్నారు. టిర్జా కూడా కూర్చుని, పళ్లెం ఇంకా పొగలు కక్కుతుండగానే తిన్నది.