కింది నుంచి చదివే మనిషి

పోస్టు బాబాయి పొద్దున్నే ఆఫీసుకొచ్చిన ఈమెయిళ్ళను ముందేసుకుని కూర్చున్నాడు. పెదవులు కదుపుతూ, తెరమీద చూపుడువేలు పాకిస్తూ, అడుగు వరుస నుంచి పైకి చదువుకుంటూ పోతున్నాడు. పొట్టి మనిషి. బట్టతల చుట్టూ తెల్లజుట్టు అంచు కట్టినట్టుంటుంది. చొక్కా జేబులో నాలుగు పెన్నులుంటాయి, రాసేది మాత్రం ఒక్కటే. ఈ నర్సింగ్ కాలేజీ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి ఇవాళ సాయంత్రం ఐదింటికి రిటైరవుతున్నాడు. అయినా ఇంకో ముప్పై ఏళ్ళు ఉండేవాడిలా కుర్చీ ఎత్తు సరిచేసుకున్నాడు.

ఈమెయిల్ తెరిస్తే మనకు కనబడే మాటల వెనక, కనబడకుండా ముప్పై నలభై వరుసలుంటాయి. ఎవరు పంపారు, విషయం ఏమిటి, ఏ యంత్రం నుంచి ఏ యంత్రానికి ఎన్ని గంటలకు చేరింది, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని హెడర్ అంటారు. దారిలో ప్రతి యంత్రమూ తన ముద్రను అన్నిటికంటే పైన వేస్తుంది కాబట్టి ప్రయాణం తెలియాలంటే కింది నుంచి చదవాలి. ఆ హెడర్లు చదవడం, వాటిని దిద్దే ప్రోగ్రాములు రాయడం, ఇదే ఆయన బతుకుతెరువు. ఊరు దాటి వెళ్ళింది తక్కువే గానీ, ఏ ఉత్తరం ఎన్ని ఊళ్ళు తిరిగొచ్చిందో ఇట్టే చెప్పేస్తాడు.

అలవాటు ఇంట్లోనూ వదల్లేదు. పేపరు ఆఖరి పేజీ అడుగు నుంచి మొదలుపెడతాడు. మందుల డబ్బా చేతికిస్తే మందు పేరుకంటే ముందు గడువు తేదీ చెబుతాడు. "మన పెళ్ళికార్డు ప్రూఫూ కింది నుంచే చదివారు. ప్రెస్సు పేరులో తప్పు పట్టుకున్నారు, నా పేరులో తప్పు వదిలేశారు!" అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. ఆయన మురిసిపోతాడు.

పదింటికి కొత్తమ్మాయి పరుగెత్తుకొచ్చింది. రేపటి నుంచి ఈ కుర్చీ ఆమెదే. చేరి రెండు నెలలైంది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

"బాబాయిగారూ, సీటు ఉత్తరాలు ఎవరికీ అందలేదట! పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు."

రెండువందల పన్నెండు మంది ఆడపిల్లలకు సీట్లు వచ్చాయని నిన్న ఈమెయిల్లో ఉత్తరాలు పంపారు. ఇవాళ ఐదులోపు వాళ్ళు సరేనని జవాబివ్వకపోతే ఆ సీట్లు తర్వాతి జాబితాలోని వాళ్ళకు పోతాయి. గడువు పెంచే అధికారం ఈ ఆఫీసులో ఎవరికీ లేదు.

వెనకే ఆఫీసరమ్మ వచ్చింది. "ఉత్తరాలు పంపే ప్రోగ్రాంలో చివరిసారి చెయ్యి పెట్టిందెవరు?"

"నేనే మేడమ్," అంది కొత్తమ్మాయి.

"తప్పు ఎవరిదో సాయంత్రానికి రాసివ్వండి." ఆమె చూపు కొత్తమ్మాయి మీదే ఉంది.

బాబాయి పిల్లలకు అందక తిరిగొచ్చిన ఉత్తరమొకటి తెరిచి అడుగు నుంచి ఎక్కడం మొదలుపెట్టాడు. పై నుంచి నాలుగో వరుస దగ్గర వేలు ఆగింది. విషయం, అదే సబ్జెక్ట్, అనే వరుస రెండుసార్లు ఉంది. ఒకదానికి రెండుంటే బయటి యంత్రాలు గుమ్మంలోంచే తిప్పి పంపేస్తాయి. ఆఫీసు యంత్రం చూసీ చూడనట్టు పోనిస్తుంది, అందుకే పరీక్షకు పంపినప్పుడు తెలియలేదు.

ప్రోగ్రాం తెరిచాడు. హెడర్‌లో కొత్త విషయం పెట్టమంటే పాతది పోదు, దాని పక్కన ఇంకోటి చేరుతుంది. ముందు పాతది చెరపాలి. పదకొండేళ్ళ కిందట ఆ చెరిపే వరుస రాయలేదు. అప్పటి ఉత్తరాల నమూనాల్లో విషయమే ఉండేది కాదు కాబట్టి ఇన్నేళ్ళూ గుట్టు దాగింది. కొత్తమ్మాయి బుద్ధిగా నమూనాలో విషయం రాసింది, గుట్టు రట్టయింది.

"దొంగ దొరికాడమ్మా!" బాబాయి తొడ చరిచి పకపకా నవ్వాడు. "తీరా చూస్తే నేనే!"

లేచి కుర్చీ ఆమెకిచ్చాడు. "ఊఁ, కొట్టు."

"మీరే కొట్టండి బాబాయిగారూ, నేను మళ్ళీ ఏం పాడుచేస్తానో!"

"పాడైతే నేనున్నాగా. ముందు చెరుపు, తర్వాత పెట్టు. అంతే."

ఒక్క వరుస. ముందు ఆఫీసుకు బయటిదైన తన భార్య ఈమెయిల్ చిరునామాకు పంపించి చూశాడు. "నాకు నర్సింగ్ సీటొచ్చిందటండీ, వెళ్ళమంటారా?" అని ఆవిడ ఫోన్ చేసింది. కొత్తమ్మాయి ఆ పూట మొదటిసారి నవ్వింది. ఆ తర్వాత రెండువందల పన్నెండూ బయల్దేరాయి.

జవాబులు పదులకొద్దీ వచ్చిపడ్డాయి. నాలుగింటికి ఒక్కటే మిగిలింది. కొత్తమ్మాయి ఫోన్ చేస్తే ఆ పిల్ల బస్సులో ఉంది. "సిగ్నల్ రాగానే పంపిస్తానక్కా, నా సీటు ఎవరికీ ఇవ్వొద్దు!" అని ఏడ్చినంత పని చేసింది. ఐదుకు ఏడు నిమిషాలుందనగా ఆ జవాబూ వచ్చింది. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. కొత్తమ్మాయి ఆనందం పట్టలేక వెనక్కి తిరిగింది. బాబాయి లేడు.

కింద హాల్లో టీలూ వీడ్కోలు ఉపన్యాసాలూ సిద్ధంగా ఉన్నాయి. తనను పొగుడుతుంటే కూర్చుని వినడం ఆయనవల్ల కాదు. ఒక కప్పు టీ మాత్రం అడిగి తెచ్చుకుని, సంచీ భుజాన వేసుకుని వెనకమెట్ల మీదుగా వెళ్ళిపోయాడని కాపలాదారు చెప్పాడు.

రాసివ్వాల్సిన కాగితం గుర్తొచ్చి కొత్తమ్మాయి గుండె దిటవు చేసుకుని బాబాయి కూర్చునే మూలగదికి వచ్చింది. బల్ల మీద గుండ్రటి అక్షరాలతో నింపిన కాగితం అప్పటికే ఉంది. "చెరపడం మరిచిన తప్పు పదకొండేళ్ళుగా నాది. ఈ పూట దాన్ని దిద్దింది ఈ అమ్మాయి. ఉద్యోగం ఖాయం చేయగలరు." కింద సంతకం. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద టీ కప్పు పెట్టి ఉంది, అడుగున ఇంకో రెండు గుక్కలు వెచ్చగానే ఉన్నాయి.