కాళ్ల వైపు నుంచి

పోయినేడు మా మ్యూజియం పంపిన కొత్త సంవత్సరం గ్రీటింగు కార్డు మీద కాలేయం బొమ్మ కింద ప్లీహం అని అచ్చయింది. వెళ్లింది వెయ్యి మంది డాక్టర్లకు. సగం మంది తిరిగి ఉత్తరాలు రాశారు. అప్పటినుంచి ఒక నియమం పెట్టారు: ప్రూఫు మీద ‘సరిచూసినవారు’ అన్నచోట నా సంతకం లేనిదే ప్రెస్సువాళ్లు అచ్చు మొదలుపెట్టరు. మళ్లీ తప్పొస్తే ఎవరి మెడకు చుట్టాలో ముందే తేల్చుకున్నారన్నమాట.

మెడికల్ కాలేజీ మ్యూజియంలో నేను గుమాస్తాను. చేరి పదకొండు నెలలు. ఇంకో నెలకు ఉద్యోగం ఖాయం చేయాలి. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదట.

ఈ ఏడాది కార్డుకు పాత చిత్రం ఒకటి ఎంచారు. పాలరాతి బల్ల మీద పడుకోబెట్టిన మనిషి. అరికాళ్లు ముందుకొచ్చి పెద్దవిగా, తల ఎక్కడో దూరంగా చిన్నదిగా ఉంటుంది. పిక్క కండరాలు తాడు పేనినట్టు ఉంటాయి. మూలన, ఒకప్పుడు మా కాలేజీలో అనాటమీ చెప్పిన ప్రొఫెసర్ గారి సంతకం. ఆయన పోయి చాలా ఏళ్లయింది. లోపలి మాటలు మా క్యూరేటర్ గారు రాశారు. సాయంత్రం ప్రూఫు ఇంటికి తెచ్చి, దుప్పటికి కుట్టు వేస్తున్న అమ్మమ్మకు చదివి వినిపించాను.

“‘కళా, వైద్యమూ చేతులు కలిపిన చోట, అందరూ తల వైపు నుంచి చూసే దేహాన్ని పాదాల వైపు నుంచి చూసిన ప్రొఫెసర్ గారి వినూత్న దృష్టి...’”

“వినూత్న దృష్టి అంటే ఏమిటే?”

“ఎవరూ చూడనట్టు చూడటం.”

అమ్మమ్మ సూది ఆపింది. “అదేం కాదు. నన్ను కాళ్ల వైపు తప్ప ఎక్కడ నిలబడనిచ్చారు? తల వైపు ఆయన, పక్కల పిల్ల డాక్టర్లు. బకెట్టు పట్టుకున్నదానికి మిగిలిన జాగా అదొక్కటే.”

మ్యూజియం గోడల మీద ప్రొఫెసర్ గారి పేరుతో ఉన్న బొమ్మలు అమ్మమ్మ గీసినవని మా ఇంట్లో అందరికీ తెలుసు. శవాలను కోసి పాఠం చెప్పే డిసెక్షన్ గదికి ఆమె ఇరవై ఆరేళ్లు ఆయా. వారానికోసారి అరల్లోని సీసాలన్నీ దించి తుడవాలి. సీసాల మీది పేర్లు చదవడం రాదు. అందుకని దించేముందు ఏ సీసాలో ఏముందో, ఏ అరలో ఉందో కాగితం మీద గీసుకుని, దాన్ని చూసి మళ్లీ సర్దేది. ఒకరోజు ఆ కాగితం ప్రొఫెసర్ గారి కంట పడింది. మర్నాడు ఆయన పెద్ద కాగితాలు తెచ్చిచ్చారు. ఆమె గీసేది, ఆయన పేర్లు రాసి సంతకం పెట్టుకునేవారు. చిత్తు బొమ్మలన్నీ బ్యాండేజీలు చుట్టొచ్చిన కాగితాల వెనకాల ఉన్నాయి. వాటిని రేకు డబ్బాలో దాచింది. నాకు చెయ్యి, మోచెయ్యి, మోకాలు నేర్పింది ఆ డబ్బాతోనే.

పదకొండు నెలలుగా ఆ గోడల ముందు నుంచి రోజూ నడుస్తూ నేను నోరు మెదపలేదు. ఉద్యోగం ఖాయం అయ్యాక చూద్దాంలే అనుకున్నాను.

“సంతకం పెట్టుకున్నాడు, సరే,” అంది అమ్మమ్మ. “ఇప్పుడు నేను నిలబడ్డ చోటు కూడా ఆయనదే అంటున్నారు. రేపు నేనూ వస్తాను.”

పొద్దున్నే డబ్బా చంకన పెట్టుకుని వచ్చింది. క్యూరేటర్ గారు మర్యాదగానే ఆమె చెప్పింది విని, కాగితాలన్నీ చూశారు.

“ఇవి ప్రొఫెసర్ గారి చిత్తు ప్రతులేమోనమ్మా. దాచమని మీకు ఇచ్చి ఉంటారు.”

“ఆయన ఇలాంటి కాగితంతో చెయ్యి కూడా తుడుచుకోడు బాబూ. దీని మీద బొమ్మ గీస్తాడా?”

“రుజువంటూ ఒకటి ఉండాలి కదా.”

అమ్మమ్మ హాల్లోకి నడిచింది. పాత పాలరాతి బల్లను అక్కడే తాడు కట్టి ప్రదర్శనకు పెట్టారు. “ఎక్కవే,” అంది నాతో. చెప్పులు విడిచి, తాడు దాటి, వెల్లకిలా పడుకున్నాను. రాయి వీపుకు చల్లగా తగిలింది.

“మీరు తల దగ్గరకు రండి బాబూ. ఏం కనబడుతోంది?”

“నుదురు... ముక్కు.”

“అరికాళ్లు?”

ఆయన మెడ సాచారు. “కనబడవు.”

“ఆయన నిలబడింది అక్కడే. గోడ మీది ఫొటోలు చూడండి.”

ఏడు ఫొటోలున్నాయి. అన్నింట్లోనూ ప్రొఫెసర్ గారు తల వైపే. ఒకదాంట్లో కాళ్ల వైపు అంచున ఒక బకెట్టు, దాన్ని పట్టుకున్న చెయ్యి ఉన్నాయి. చేతి తాలూకు మనిషి ఫ్రేములో లేదు.

అమ్మమ్మ నా కాళ్ల దగ్గర నిలబడి పెన్సిల్ తీసింది. గీత ఎక్కడా తప్పలేదు. మడమతో మొదలుపెట్టి బొటనవేలి దాకా వచ్చి, కాగితాన్ని ప్రూఫు పక్కన పెట్టింది. క్యూరేటర్ గారు రెండింటినీ గీత గీతా పోల్చి చూశారు.

“ఈ హాలు కట్టించింది ప్రొఫెసర్ గారి కుటుంబమే అమ్మాయ్. వాళ్లకేం చెప్పను? ఈసారికి పోనీ. వచ్చే ఏడు చూద్దాం.” ఆగి, “నీ ఉద్యోగం కాగితం నా బల్ల మీదే ఉంది. గుర్తుందిగా?” అన్నారు.

పడుకుని జవాబు చెప్పడం బాగుండదని లేచి కూర్చున్నాను.

“ఉంది సార్. సరిచూడటం నా పని. పోయినేడు అవయవం పేరు తప్పు పడింది, ఈ ఏడు మనిషి పేరు తప్పు పడింది. దిద్దకుండా సంతకం పెట్టను.”

“మధ్యాహ్నానికి ప్రెస్సులో ఉండాలి.”

“తెలుసు సార్. కావాలంటే సరిచూసినట్టు మీరే సంతకం పెట్టండి.”

ఆయన పెన్ను మూత తీశారు. ప్రూఫు వైపు, డబ్బా వైపు, నా అరికాళ్ల వైపు చూశారు. మూత పెట్టేశారు.

“నేను భోజనానికి వెళ్తున్నాను. నువ్వు ఏం పంపావో నాకు తెలియదు.” గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. “ఆ డబ్బా మ్యూజియానికి ఇస్తారా అమ్మా?”

“కార్డు అచ్చయ్యాక అడగండి,” అంది అమ్మమ్మ.

ఆ బల్ల మీదే కూర్చుని లోపలి మాటలన్నీ కొట్టేశాను. ‘ఈ చిత్రం గీసినది డిసెక్షన్ గది ఆయా. బల్లకు కాళ్ల వైపు నిలబడి గీసింది,’ అని రాసి, కింద అమ్మమ్మ పేరు రాశాను.

“ఇంటిపేరు?”

“రాశాను.”

“పొడి అక్షరం కాదు, పూర్తిగా.”

“పూర్తిగానే.”

“అన్నీ కలిపి ఎన్ని అక్షరాలే?”

“తొమ్మిది.”

“హాజరుపట్టీలో ఇరవై ఆరేళ్లూ నా పేరుకు మూడే అక్షరాలు రాశారు,” అంది. తొమ్మిదింటి మీదా ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూసుకుంది. తర్వాత ప్రూఫు నా వైపు జరిపింది. సంతకం పెట్టి, చెప్పులు వేసుకుని, ప్రెస్సుకు నేనే బయల్దేరాను.